పాఠశాలలో ఆత్మకథ

మన వాచకములలో గొప్పవారి జీవితములకు కొదువ లేదు. ఏ తరగతి పుస్తకము విప్పి చూచినను ఒక మహాపురుషుని జననము, విద్యాభ్యాసము, దేశసేవ, నిర్యాణము వరుసగా పేర్చిన పాఠ మొకటి కానవచ్చును. పాఠము చివర ప్రశ్నలుండును. ఆ ప్రశ్నలకు జవాబులు పాఠములోనే యుండును. కాని ఆ మహాపురుషుడు తన కథను తన నోట చెప్పుకొన్న పుస్తకమును తరగతిలోనికి తెచ్చి, నాలుగు దినములు వరుసగా చదివి వినిపించు ఉపాధ్యాయుడు అరుదు. రెండును ఒకటియే గదా యని మన భావన. రెండును ఒకటి కావు. జీవితచరిత్ర ఒకరినిగూర్చి మరియొకరు గీసిన చిత్రపటము. ఆత్మకథ ఒక మనుష్యుడు తన బ్రదుకునుగూర్చి తానే యిచ్చిన సాక్ష్యము. పటమునకు నమస్కరించి ముందుకు సాగవచ్చును. సాక్షిని మాత్రము నిలిపి, ప్రశ్నించి, అతడు చెప్పినదానిని, చెప్పనిదానిని కూడ విచారింపవలెను. ఆత్మకథను తరగతిలో చదివింపదలచినవారు మొట్టమొదట ఈ భేదమును గుర్తింపవలెనని మా మనవి.

ఈ మాట చెప్పుటకు ఈ పంక్తులు వ్రాయువానికి స్వానుభవ మొకటి కారణము. అది గొప్పగా చెప్పుకొనదగినది కాదు. కళాశాలకు రాకపూర్వము ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పుచుండిన దినములలో, గాంధీమహాత్ముని ఆత్మకథనుండి ఒక ఘట్టమును తొమ్మిదవ తరగతివారికి బోధించితిని. మహాత్ముడు ఆ గ్రంథమును 'నవజీవన్' వారపత్రికలో 1925 మొదలు 1929 వరకు గుజరాతీ భాషలో ప్రకరణములుగా ప్రకటించెను. ఆ ఘట్టము ఉపాధ్యాయులలో పెక్కుమంది ఎరిగినదే. రాజకోట ఉన్నత పాఠశాలకు ఇనస్పెక్టరు దొర తనిఖీకి వచ్చెను. పిల్లల వర్ణక్రమ జ్ఞానమును పరీక్షించుటకై అయిదు ఆంగ్లపదములు చెప్పి వ్రాయుమనెను. అందు 'కెటిల్' అను పదమును బాలుడైన మోహనదాసు తప్పుగా వ్రాసెను. ఉపాధ్యాయుడు బూటుకొనతో అతనిని హెచ్చరించి, ప్రక్కవాని పలక చూచి దిద్దుకొమ్మని సూచించెను. పిల్లలు ఒకరి పలకలో నొకరు చూడకుండ కాచుటకే ఉపాధ్యాయుడు అక్కడ నున్నాడని నమ్మియున్న ఆ బాలునకు ఆ సూచన బోధపడలేదు. తక్కిన పిల్లలందరును అయిదు పదములను సరిగా వ్రాసిరి. మోహనదాసు ఒక్కడే తెలివి తక్కువవాడుగా మిగిలెను.

ఈ పాఠమును నేను ఒక గంటలో ముగించితిని. 'ఈ ఘట్టమువలన గాంధీజీ గుణగణములను వివరింపుము' అను ప్రశ్నకు పదునాలుగు పంక్తుల జవాబును నల్లబల్లమీద వ్రాసియిచ్చితిని. అర్ధసంవత్సర పరీక్షలలో ఆ ప్రశ్నయే వచ్చెను. రాత్రి దీపము ముందు కూర్చుండి పత్రములు దిద్దుచుండగా మొదటి పది పత్రములలోను ఒకే జవాబు కనబడెను. అది వింత కాదు. కాని తొందరలో నల్లబల్లమీద నేను చేసిన వర్ణదోష మొకటి ఆ పదింటిలోను, తరువాతి పదింటిలోను, మొత్తము నలువది పత్రములలోను భద్రముగా నుండెను. చూచి వ్రాయుట చేతగాని బాలుని కథను నలువదిమంది చూచి వ్రాసిరి. తప్పుతో సహా వ్రాసిరి. వ్రాయించినవాడను నేను. ఆ కథలోని ఉపాధ్యాయుడు బూటుకొనతో చేసిన పనిని నేను సుద్దముక్కతో చేసితిని. ఆ తప్పునకు ఎవరి పత్రములోను మార్కు తగ్గించుటకు నాకు చేయి రాలేదు.

మరుసటి యేడు అదే ఘట్టమును వేరొక విధముగా చదివితిని. ముందు వెనుక ప్రకరణములతో కలిపి నాలుగు దినములు బిగ్గరగా చదివి వినిపించితిని. జవాబు వ్రాసియీయలేదు. ఒక్క ప్రశ్న మాత్రము అడిగితిని: ఆ ఉపాధ్యాయుడు అట్లేల చేసెను? తరగతి చాలసేపు మౌనముగా నుండెను. ఎన్నడును నోరు విప్పని వెనుకబల్ల కుర్రవాడు లేచి, "ఆ మాస్టారికి కూడా భయం వేసిందేమోనండీ" అనెను. తనిఖీదారు ఎదుట పిల్లవానికంటె ఉపాధ్యాయుడే ఎక్కువ భయపడెనని, ఆ భయమే అతనిచేత ఆ పని చేయించెనని ఆ కుర్రవాడు కనుగొనెను. పదునాలుగు పంక్తుల నా జవాబులో ఆ భయమునుగూర్చి ఒక్క మాటయు లేదు. అటుపిమ్మట వేరొకడు లేచి, ఆ ఉపాధ్యాయునియెడ తన గౌరవము తగ్గలేదని గాంధీజీ వ్రాసెను గదా, అది సరియేనా అని అడిగెను. సరియే యని కొందరు, కాదని కొందరు వాదులాడిరి. గంట కొట్టువరకు వాదము తెగలేదు. ఆ వాదమే ఆ దినపు పాఠము.

అర్థము విడిచి అక్షరమును పట్టుకొను ఈ జాడ్యము మనకు క్రొత్తది కాదు. తెలుగువారిలో తన జీవితమును తాను వ్రాసికొన్న తొలివారిలో నొకడు వెన్నెలకంటి సుబ్బారావు. 1784లో పుట్టి 1839లో గతించిన ఈయన చెన్నపట్టణమున సదరు అదాలతు కోర్టులో దుభాషీగాను, అనువాదకుడుగాను పనిచేసెను. తన చరిత్రను ఆంగ్లమున వ్రాసికొనగా ఆయన కుమారుడు 1873లో దానిని ముద్రింపించెను. ఈ సుబ్బారావే 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీ సభ్యుడుగా నుండి, నాటి బడులలోని చదువునుగూర్చి నివేదిక సమర్పించుచు, పిల్లలచేత అర్థము తెలియకయే పద్యములు వల్లెవేయించుటను ఆక్షేపించెను. తన బ్రదుకును పరిశీలించి వ్రాసికొనగల మనస్సునకే వల్లెవేతయందలి శూన్యము కనబడుట కాకతాళీయము కాదనుకొందును. రెండువందల యేండ్లు గడచినవి. నాడు పద్యమును వల్లెవేసిరి. నేడు గైడు పుస్తకములోని జవాబును వల్లెవేయుచున్నారు.

అయినచో ఏ పుస్తకములను ఎట్లు చదివింపవలెను? మొదటి మాట: గొప్పతనముతో ఆరంభింపరాదు, బాల్యముతో ఆరంభింపవలెను. టంగుటూరి ప్రకాశం పంతులు అనగానే 1928లో సైమన్ కమిషనునకు ఎదురుగా చెన్నపట్టణమున తుపాకుల ముందు రొమ్ము విప్పి నిలిచిన దృశ్యము మన పిల్లలకు చెప్పుదుము. అది చెప్పవలసినదే. కాని పదమూడేండ్ల పిల్లవానికి ఆ దృశ్యము ఆకాశమంత దూరము. ఆయన 'నా జీవితయాత్ర' తొలి ప్రకరణములు అట్లు కావు. పసితనముననే తండ్రి పోవుట, తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచుట, చదువు సాగునో సాగదో తెలియని స్థితి, నాటకముల మోజు, అల్లరి సహవాసములు, ఇవన్నియు మన బల్లలమీద కూర్చున్న పిల్లలకు తెలిసిన బ్రదుకే. ఆ పిల్లవానిని విడిచిపెట్టక రాజమహేంద్రవరమునకు తనవెంట తీసికొనిపోయి చదివించిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ఒక ఉపాధ్యాయుడు. ఆ పుటలను చదువునపుడు విద్యార్థి పిల్లవానిని చూచును. ఉపాధ్యాయుడు ఉపాధ్యాయుని చూచుకొనును. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యగుట అటుపిమ్మటి మాట.

రెండవ మాట భాషనుగూర్చినది. ఆత్మకథలలో వ్రాసినవాని నోటిమాట వినబడును. కందుకూరి వీరేశలింగము పంతులు 1911లోను, 1915లోను రెండు భాగములుగా ప్రకటించిన 'స్వీయచరిత్రము' గ్రాంథికభాషలో నున్నను, అది వాదించు మనుష్యుని వచనము. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' గోదావరి ప్రాంతపు వాడుకభాషకు గని. సంస్కృత విద్యకు తప్ప తెలుగునకు గౌరవము లేని ఇంట పుట్టి, తెలుగుమీద మనసు పడిన బాలుని పోరాటము అది. ఆ రెండింటినుండి చెరి నాలుగు పుటలు తీసి ప్రక్కప్రక్కన చదివించినచో, గ్రాంథిక వ్యావహారిక వివాదమునుగూర్చి మేము కళాశాలలో నెల దినములు చెప్పు ఉపన్యాసములకంటె ఎక్కువ బోధపడును. కఠినపదముల అర్థపట్టికను ముందుగా ఈయకుండుట మంచిది. కథ పట్టుకొన్న పిల్లవాడు పదమును తానే పట్టుకొనును.

మూడవ మాట అన్నిటికంటె ముఖ్యమైనది. సాక్ష్యము విన్నప్పుడు, ఇక్కడ ఇంకెవరుండిరి, వారు మాటలాడిన ఏమి చెప్పుదురు అని అడుగుట పిల్లలకు నేర్పవలెను. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించిరి. ఊరు భగ్గుమనెను. బంధువులు దూరమైరి, వంటవారును, నీళ్ళు తెచ్చువారును ఆ ఇంటికి రామనిరి. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి తానే నీళ్ళు మోసి, తానే వంట చేసి ఆ కార్యమును గట్టెక్కించెను. పంతులుగారి స్వీయచరిత్రము మనకు కలదు. 1910లో కన్నుమూసిన రాజ్యలక్ష్మమ్మగారి స్వీయచరిత్రము మనకు లేదు. ఆ దినమును ఆమె చెప్పియుండినచో ఎట్లు చెప్పియుండును? భర్త ఆశయము ఆమె ఆశయమెప్పుడయ్యెను? బిందె చంకనెత్తుకొని వీథివెంట నడచునపుడు ఇరుగుపొరుగువారి చూపు లెట్లుండెను? ఈ ప్రశ్నలను ఒక ఆడపిల్ల ముందుంచి, ఒక పుట వ్రాయుమనుడు. ఆమె వ్రాసినది చరిత్ర కాకపోవచ్చును. కాని వ్రాసిన చేతులవెనుక వ్రాయని చేతులు ఎన్ని యుండునో ఆ పిల్ల జీవితాంతము మరువదు.

ఇందుచేతనే పుస్తకముల ఎంపికలో ఒకే విధమైన జీవితములు చాలవు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథలో మనము పిల్లలకు చెప్పునది 1923 కాకినాడ కాంగ్రెసునాటి ఖాదీ ప్రదర్శన ద్వారమున టిక్కెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూను ఆపిన వాలంటీరు బాలిక చిత్రము. ఎనిమిదేండ్లకే పెండ్లి చేయబడిన పిల్ల ఆ బాలికయే యనియు, వయస్సు వచ్చిన పిమ్మట ఆ బంధమును కాదని చదువును ఎన్నుకొన్నదనియు చెప్పుటకు జంకుదుము. బాల్యవివాహపు భయము నేటికిని వెన్నంటియున్న ఆడపిల్లలు మన తరగతులలో నున్నారు. వారికి నెహ్రూ కథకంటె ఈ రెండవ కథ అవసరము. గుఱ్ఱం జాషువ కవి పద్యములలో చెప్పుకొన్న 'నా కథ', బోయి భీమన్నగారి 'పాలేరు నుండి పద్మశ్రీ వరకు' వంటివి ఉపవాచకముల అరలోనికి రావలసినవి.

డాక్టరు అంబేద్కరు వ్రాసియుంచిన స్వీయానుభవములు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అను పేరుతో ఆయన మరణానంతరము అచ్చయినవి. చిన్న పుస్తకము. మొదటి ఘట్టము 1901 నాటిది. కొందరు పిల్లలు పండుగకు తొడుగుకొన్నట్లు మంచి బట్టలు తొడుగుకొని, ఉద్యోగమున్న ఊరనున్న తండ్రికడకు రైలులో బయలుదేరిరి. మసూరు స్టేషనున దిగిరి. జాబు అందక, తండ్రి పంపవలసిన మనిషి రాలేదు. స్టేషను మాస్టరు మొదట ఆదరముతో పలుకరించెను. కులమేమని అడిగి, వారు చెప్పినది విని మొగము మార్చుకొనెను. బండివాడెవడును వారిని ఎక్కించుకొనలేదు. తుదకు రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకొని, బండివాడు ప్రక్కన నడచునట్లు ఒప్పందము కుదిరెను. వారికడ తినుటకు అన్నము కలదు; త్రాగుటకు చుక్క నీరు దొరకలేదు. రాత్రియంతయు అట్లే గడచెను. ఇందు వ్యాఖ్యానము లేదు, ఆక్రోశము లేదు. ఈ ఘట్టము చదివిన తరగతిలో 'దీనివలన తెలియు నీతి యేమి' అని అడుగుటకు ఏ ఉపాధ్యాయునకైన నోరాడునా? నాకు ఆడలేదు. ఆ స్టేషను మాస్టరు రాత్రి ఇంటికి పోయి భార్యతో ఏమని చెప్పియుండునని మాత్రము అడిగితిని.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. ఆత్మకథలలో పెద్దల దుడుకుపనులు కూడ నుండును, అవి చదివి పిల్లలు చెడిపోవుదురని కొందరందురు. గాంధీజీ బాల్యమున దొంగతనము చేసెను. అన్న కడియమునుండి బంగారము ముక్క తీసెను. తండ్రికి జాబు వ్రాసి తప్పు ఒప్పుకొనెను. దొంగతనమును తుడిచివేసినచో ఆ జాబునకు అర్థమేమి మిగులును? తప్పు చేయనివారి కథ చదివిన పిల్లవాడు, తప్పు చేసిన తనకు ఆ లోకములో చోటు లేదనుకొనును. చెడునది ఆ పిల్లవాడే.

ఆత్మకథలో అహంకార ముండును, మరపు ఉండును, కప్పిపుచ్చుట యుండును, అదెట్లు పాఠ్యమగునని మరికొందరందురు. నిజమే. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు కన్నులు కానరాని స్థితిలో జ్ఞాపకమునుండి చెప్పి వ్రాయించిన స్వీయచరిత్రము మనకు కలదు. జ్ఞాపకము ఎంత దొడ్డదైనను అది జ్ఞాపకమే. 'నా జీవితయాత్ర' నాలుగవ భాగమును ప్రకాశం పంతులుగారు కాక తెన్నేటి విశ్వనాథముగారు వ్రాసిరి. అక్కడ 'నేను' అను మాటకు బదులు మరియొక కన్ను చూచుచున్నది. ఇట్టి తావులందు ఉపాధ్యాయుడు తొట్రుపడనక్కరలేదు. వ్రాసినవాని మాటను ఎంతవరకు నమ్మవచ్చును, వేరొకచోట దీనికి ఆధారము కలదా, ఇతడు దేనిని త్వరగా దాటిపోవుచున్నాడు అని పిల్లలచేత అడిగించుటకు ఇంతకంటె తగిన తావు లేదు. ఎన్నికల సభలోను, చేతిలోని టెలిఫోను తెరమీదను ఎందరో తమనుగూర్చి తాము చెప్పుకొనుచున్న ఈ దినములలో, సాక్ష్యమును తూచు విద్యను పిల్లలు మరెక్కడ నేర్తురు?

కాలము చాలదనునది మూడవ ఆక్షేపణ. దీనికి మావద్ద తేలిక సమాధానము లేదు. పాఠ్యప్రణాళిక బరువు, పరీక్షల తరుము మేమెరుగనివి కావు. అయినను వారమునకొక గంట, అర్ధసంవత్సరమునకొక పుస్తకము, అందును మూడు నాలుగు ప్రకరణములు, ఇంతకు మించి అడుగుటలేదు. ఆ గంటకు పరీక్ష లేకుండవలెను. పరీక్ష వచ్చిన మరుక్షణము గైడు వచ్చును. గైడు వచ్చిన పిమ్మట నా నల్లబల్ల వచ్చును.

చదివిన తరువాత పిల్లలచేత తమ బ్రదుకునుగూర్చి ఒక పుట వ్రాయించుట సహజమైన తరువాతి మెట్టు. ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసియున్నది. తండ్రి త్రాగి వచ్చు ఇల్లు, తల్లి లేని ఇల్లు, పూట గడవని ఇల్లు, ఇవియు మన తరగతిలోనివే. వానిని నలుగురిముందు చదివించుట క్రూరత్వము. వ్రాసినది చూపుటయో మానుటయో పిల్లవాని ఇష్టము. దానికి మార్కులు లేవు, ఎఱ్ఱసిరా లేదు. ఆ పుటలో వర్ణదోష మున్నను అది వాని సొంత వర్ణదోషము. నలువదిమంది నలువది విధములుగా తప్పులు వ్రాసిన కాగితముల కట్టను చేతబట్టినపుడు ఉపాధ్యాయునకు కలుగు ఆనందమును, ఆ రాత్రి దీపము ముందు నేను పడిన సిగ్గును రెండింటిని ఎరిగినవాడనై ఈ మాట చెప్పుచున్నాను.

ఈ పని ప్రభుత్వపు ఉత్తరువులకొరకు ఆగనక్కరలేదు. పాఠశాల గ్రంథాలయమున తాళము వేసిన బీరువాలో ఈ పుస్తకములలో ఒకటి రెండైన నుండును. బీరువా తాళపుచెవి ఎవరికడ నున్నదో కనుగొనుట మొదటి పని. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలవారు తమ విద్యార్థులచేత ఒక ఆత్మకథను పూర్తిగా చదివించి, అందలి గురువులనుగూర్చి వ్రాయించినచో బోధనాపద్ధతులను చెప్పు పెద్ద గ్రంథములకు అది తోడగును.

ఏలయన, ప్రతి ఆత్మకథలోను ఒక ఉపాధ్యాయుడుండును. ప్రకాశం పంతులు పుస్తకములో హనుమంతరావు నాయుడున్నాడు. గాంధీజీ పుస్తకములో బూటుకొన ఉపాధ్యాయుడున్నాడు. ఇద్దరును తమను ఒక పిల్లవాడు గమనించుచున్నాడనియు, నలువది యేబది యేండ్లకు వ్రాయుననియు ఎరుగరు. నేడు మన ముందు బల్లలమీద కూర్చున్నవారిలో ఎవరో ఒకరు, ఏ వెనుకబల్లవాడో, రేపు తన కథ వ్రాయును. అందు మనకును ఒక పుట యుండును. అది ఎట్టి పుట కావలెనో నిర్ణయించుకొనుటకు మనకింకను వ్యవధి కలదు.